పాలసాక్ష్యం

బూలో-రహ్మా, జూబా నది ఒడ్డు
వానలకు ముందు

యూరప్‌లో బొలోన్యా పట్టణంలో ఉంటున్న వర్సమె కూతురు ఇడిల్‌కు,

నా పేరు మకాయ్. ముయా కూతురిని, జుమాలె మనవరాలిని. అంతకు పైన నాకు పేర్లు తెలియవు. మీ ఇళ్ళల్లో నడక రాని పిల్ల కూడా తాతల పేర్లు వరసగా అప్పజెబుతుంది. మా తాతలను అరటితోటల యజమానులు పేరు పెట్టి పిలవలేదు, అందుకని మాదాకా రాలేదు. వయసు అంటావా, జూబా పొంగి మొక్కజొన్నంతా కొట్టుకుపోయిన ఏడు పుట్టాను. చదువుకున్నవాళ్ళు వేళ్ళు మడిచి డెబ్బైకి కాస్త తక్కువ అంటున్నారు. ఇంట్లో నేను, మొగుడు పోయిన నా పెద్దకూతురు ఫాదుమో, మూడు మేకలు. మొన్నటిదాకా ఫాదుమో కొడుకు మౌలిద్ ఉండేవాడు. ఇప్పుడు రేవు పట్నం లాకప్పులో ఉన్నాడు.

నేను చెబుతుంటే మా వాడలో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పే రుఖియా రాస్తోంది. ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతుంది. ఫోనులోనే మాట్లాడవచ్చు కదా అంటావు. మాట్లాడాను. ‘మీటింగులో ఉన్నాను పిన్నీ’ అన్నావు. కాగితానికి మీటింగు అడ్డం రాదు.

నా ఫిర్యాదు ఇది. మౌలిద్ కరెంటు పని చేస్తాడు. నీ చెల్లెలు సగల్ పట్నంలో పంతులమ్మ. బడికి తీగలు లాగడానికి వెళ్ళి వీడు అక్కడే చిక్కుకున్నాడు. నీ అన్న సలెబాన్‌ను పిల్లనడిగితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మీరు మెత్తజుట్టు వాళ్ళు, మేము గట్టిజుట్టు వాళ్ళం, జరేర్‌లం. మీ పిల్లను మాకిచ్చిన ఇల్లు ఈ ఒడ్డున ఒక్కటి చూపించు. అందుకని పెద్దలు ఒప్పుకోని జంటలు ఎప్పుడూ చేసే పనే చేశారు. లారీ ఎక్కి, ఇంటి పెద్ద అనుమతి అక్కర్లేనంత దూరం పోయి, అక్కడి షేకు ముందు నికా చేసుకున్నారు. దూరపు నికా కొత్తదేమీ కాదు. మీ తాత గూలెద్ మీ నానమ్మను అలాగే తెచ్చుకున్నాడు.

తిరిగి రాగానే సలెబాన్ పోలీసులను తెచ్చాడు. పిల్లను ఎత్తుకుపోయాడని కేసు. సగల్ ఖాజీ ముందు నిలబడి ‘నా కాళ్ళతో నేనే లారీ ఎక్కాను’ అంది. ఆ కేసు అక్కడే చచ్చింది. అప్పుడు నీ అన్న మరొకటి పుట్టించాడు. సగల్ చంటిబిడ్డగా ఉన్నప్పుడు మకాయ్ పాలిచ్చింది, కాబట్టి మకాయ్ దానికి పాలతల్లి, మకాయ్ మనవడు దానికి కొడుకు వరస, ఈ పెళ్ళి హరామ్ అన్నాడు. నలుగురు ఆడవాళ్ళ చేత ప్రమాణం చేయించాడు. పాల సంగతిలో ఆడవాళ్ళ మాటే చెల్లుతుందని వాడికి ఇన్నాళ్ళకు గుర్తొచ్చింది. ఆ నలుగురిలో ఒకతి ఆ కాలంలో సముద్రం అవతల యెమెన్‌లో ఉండేది. అక్కడినుంచి నా రొమ్ము ఎలా కనిపించిందో అడగాలి.

పెళ్ళి చెల్లదంటే వాడు భర్త కాడు. భర్త కానివాడు ఆడదాని పక్కన పడుకుంటే ఏ శిక్షో నేను రాయించను. నీకు తెలుసు.

ఇప్పుడు జరిగింది చెబుతాను, నీకు తెలిసిందే అయినా. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ అషాకు రొమ్ములో గడ్డ లేచి జ్వరం పట్టింది. నేను మీ వంటింట్లో పనిచేసేదాన్ని, నాకు చంకలో బిడ్డ ఉన్నాడు. మీ నానమ్మ నిన్ను తెచ్చి నా ఒళ్ళో పడేసి వంటింటి తలుపు మూసింది. పక్కింటివాళ్ళు చూడకూడదు కదా. నీకు పళ్ళొచ్చి నన్ను కొరికేదాకా తాగావు. ఆ తర్వాత నాకు కాన్పు లేదు. సగల్ పుట్టింది యుద్ధంలో. మీ ఇంటిమీద గుళ్ళు పడుతుంటే అందరూ పారిపోయి వచ్చింది ఎక్కడికి, నా గుడిసెకు. అషా అక్కడే కని అక్కడే పోయింది. నాకు అప్పటికి ఎండిపోయి పదేళ్ళు దాటింది. నువ్వు ఎదిగే పిల్లవు. ఒంటె పాలలో గుడ్డపీలిక ముంచి చెల్లెలి నోట్లో పెట్టింది నువ్వు. మూలన కూచుని చూసింది సలెబాన్.

ఖాజీ షేక్ నూర్ నాతో అన్నాడు, ‘మకాయ్, నువ్వు వాడి అమ్మమ్మవి. నీ మాట ఒక్కటీ చాలదు. ఆ రోజు ఆ ఇంట్లో ఉన్న మనిషి ఎవరైనా వచ్చి చెబితే వింటాను.’ ఉన్నవాళ్ళలో అబద్ధమాడేవాడు పోను మిగిలింది నువ్వే.

వచ్చి రెండు మాటలు చెప్పు. నేను తాగాను. నా చెల్లెలు తాగలేదు. రెండూ చెప్పాలి. మొదటిది చెప్పకపోతే రెండోది నీకెలా తెలుసని అడుగుతారు.

మకాయ్ వేలిముద్ర.


బొలోన్యా

ప్రియమైన మకాయ్ పిన్నికి,

మీ ఉత్తరం చదివి ఆ రోజంతా నేను పనిలో కుదురుకోలేకపోయాను. మౌలిద్‌కు జరిగింది అన్యాయం. సగల్ నాకు ముందే చెప్పింది, మీ దగ్గర దాచను. లారీ ఎక్కే ముందు ఫోను చేసింది. ‘వెళ్ళు, నీ బతుకు నీది’ అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

మన సమాజం మారాలి పిన్నీ. నేను ఇక్కడ పదేళ్ళుగా అదే చెబుతున్నాను. పోయిన నెల ఇక్కడి నల్లజాతి స్త్రీల సభలో మాట్లాడాను, రుఖియా దగ్గర ఫోనులో చూసే ఉంటారు. నగరసభకు ఎన్నికైన మొదటి రోజు ఏం జరిగిందో వాళ్ళకు చెప్పాను. మెట్ల దగ్గర ఒక పెద్దాయన నా చేతిలో తన కోటు పెట్టి ‘లోపల తగిలించమ్మా’ అన్నాడు. ఆ కోటు పట్టుకునే సభలోకి వెళ్ళి, ఆయన ఎదుటి కుర్చీలో కూచుని, మేజా మీదుగా అందించాను. బస్సులో నా పక్కన చోటు ఖాళీగా ఉన్నా నిలబడేవాళ్ళను చూస్తూ ఇక్కడ బతికాను. ఇక్కడ ఎవరూ నీ జుట్టు మెత్తనా గట్టిదా అని అడగరు. సెనెగల్ పిల్లా, నైజీరియా పిల్లా, నేనూ, అందరం వాళ్ళకు ఒకటే నలుపు. మొదట్లో నాకు కోపం వచ్చింది, నన్ను వాళ్ళతో కలుపుతారేమిటని. తర్వాత ఆ కోపం చూసుకుని సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆ నలుపే నా జెండా.

అందుకే మౌలిద్ మీద జరిగింది నా మీద జరిగినట్టే. నేను తప్పకుండా చేయగలిగింది చేస్తాను. కాని ఇలాంటివి తొందరపడితే చెడిపోతాయి. సలెబాన్ మొండివాడు, తెలుసు కదా. నాకు కొంచెం సమయం ఇవ్వండి. ఫాదుమో అక్కకు నా సలాం చెప్పండి.

మీ ఇడిల్


బూలో-రహ్మా
మొదటి వానలు

ఇడిల్‌కు,

నీ ఉత్తరం రుఖియా చదివింది. బాగా రాశావు. కోటు సంగతి విని వాడలో ఆడవాళ్ళు నవ్వారు, మెచ్చుకున్నారు కూడా. ఖదీజో అయితే ‘నేనైతే ఆ కోటు కాలవలో వేసేదాన్ని’ అంది.

అంతా విన్నాక రుఖియాను అడిగాను, ఇందులో పాలు అన్న మాట ఎక్కడైనా ఉందా అని. వెతికింది. మళ్ళీ వెతకమన్నాను. లేదు. ఇంత పొడుగు ఉత్తరంలో ఆ ఒక్క మాటకు చోటు చాలలేదు.

నీ ఉపన్యాసం చూశాను. తలమీద పచ్చటి గుడ్డ, వెనక పెద్ద బొమ్మ. నేను నల్లదాన్ని, నా తల్లులు నల్లవాళ్ళు అన్నావు. చప్పట్లు కొట్టారు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. బొలోన్యాలో నిన్ను నల్లదాన్ని చేయడానికి ఒక ముసలాడి కోటు కావలసి వచ్చింది. నన్ను ఎవరూ చేయలేదు. పుట్టినప్పటినుంచి మీ బావి దగ్గర వేరే చేదతోనే తోడుకున్నాను. మీ ఇంట్లో పింగాణీ కప్పులో టీ పోసిచ్చి, నేను మాత్రం డబ్బాలో తాగాను. మీ నాన్న మంచివాడు, ఎప్పుడూ తిట్టలేదు. ‘బానిసపిల్లా’ అని పిలిచేటప్పుడు కూడా నెమ్మదిగానే పిలిచేవాడు. నీకు కోటు ఇచ్చింది ఒక రోజు. ఆ ఒక్క రోజును ఇన్నేళ్ళు మోసుకు తిరుగుతున్నావు. నేనైతే ఏ రోజని చెప్పాలి.

నీకు అవమానం కాలేదని కాదు అనేది. అయింది. నీ కోపం నిజమే. ఆ కోపాన్ని విమానం ఎక్కించి ఇక్కడికి తీసుకురా అంటున్నాను. అక్కడ నలుపు, ఇక్కడికి రాగానే మెత్తజుట్టు, ఇదేం నలుపు.

నిన్న లాకప్పుకు పోయాను. మొక్కజొన్న సంకటి, చేప తీసుకెళ్ళాను. గేటు దగ్గర పోలీసువాడు మూత తీసి చూసి ‘ముసల్దానా, నీ మనవడికి పెద్దింటి తిండి రుచి తగిలింది, ఇది దిగుతుందా’ అన్నాడు.

‘దిగకపోతే నువ్వు తిను నాయనా, నీ మొహం చూస్తే వారం నుంచి తిన్నట్టు లేదు’ అన్నాను. లోపలివాళ్ళు నవ్వారు. వాడు నన్ను ఎండలో కూచోబెట్టాడు.

మౌలిద్ పెదవి చిట్లింది. ఏమిటిరా అంటే గోడ తగిలింది అన్నాడు. ఆ గోడకు బూట్లున్నాయా అన్నాను. తల దించుకున్నాడు. ‘అమ్మమ్మా, సగల్‌ను ఇంట్లో పెట్టి తాళం వేశారట. దానికేమన్నా కబురుందా’ అని అడిగాడు. తన సంగతి అడగలేదు.

తిరిగొచ్చేసరికి మా గుమ్మంలో సలెబాన్ కూచున్నాడు. నా మంచం మీద. మీ వాడు నా మంచం మీద కూచోవడం ఇదే మొదలు.

‘మకాయ్, ఒక్క మాట ఒప్పుకో. సగల్‌కు పాలిచ్చానని చెప్పు. తెలియక చేసుకున్నారు, తప్పు లేదని రాయిస్తాను. పెళ్ళి పోతుంది, పిల్లాడు ఇంటికొస్తాడు’ అన్నాడు.

‘మరి ఇడిల్‌కు ఇచ్చినదో’ అన్నాను.

వాడి మొహం మారింది. ‘ఆ మాట మాత్రం నీ నోట రాకూడదు’ అన్నాడు.

అదేమిటి నాయనా, ఇవ్వనిది ఇచ్చానని చెప్పాలి, ఇచ్చింది ఇవ్వలేదని చెప్పాలి, నా రొమ్ము మీద నీ పెత్తనమేమిటి అని అడిగాను. లేచి వెళ్ళిపోయాడు. అక్కడ కూచుని ఆలోచించాను. చిన్న చెల్లెలు తాగిందంటే పనికొస్తుంది, పెద్దదాని సంగతి ఎందుకంత ఉలికిపాటు. నీకేదో తెలుసు. నాకు చెప్పలేదు.

రాయి. ఏమిటది.

మకాయ్ వేలిముద్ర.


నైరోబీ

మకాయ్ పిన్నికి,

హోటల్ నుంచి రాస్తున్నాను. మా వంశ పెద్దలందరూ ఇక్కడే దిగారు.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ప్రాంతీయ శాసనసభలో మా వంశానికి ఒక ఆడవాళ్ళ స్థానం వచ్చింది. నా పేరు పరిశీలనలో ఉంది. పెద్దలు వేలిముద్రలు వేయాలి. ఇన్నాళ్ళూ ఆ స్థానంలో ఎవరో ఒకరి భార్యను కూచోబెట్టి వెనకనుంచి మొగుడు మాట్లాడేవాడు. నేను కూచుంటే నేనే మాట్లాడతాను. అది వాళ్ళకూ తెలుసు, అందుకే భయపడుతున్నారు. ఒకాయన నా మొహం మీదే అన్నాడు, ‘ఈమె యూరప్‌లో తిరిగింది, రేపు నదిఒడ్డు వాళ్ళకు కూడా సమాన వాటా అంటుంది.’ నేను నవ్వి ఊరుకున్నాను. ఎంత కష్టమైందో మీకు తెలియదు.

ఇలాంటి సమయంలో ఏ చిన్న మాటైనా నా మీద వాడుకుంటారు. నేను ఏ ఇంట్లో, ఎవరి చేతుల్లో పెరిగాను అన్నది కూడా. అది సిగ్గుపడే విషయమని నేను అనడం లేదు. వాళ్ళు అలా చూస్తారు అంటున్నాను.

ఆ కుర్చీ దొరికితే చట్టం మార్చే చోట ఉంటాను. ఒక్క మౌలిద్ కాదు, రేపు పుట్టబోయే మౌలిద్‌లందరి కోసం. దయచేసి కొన్నాళ్ళు నా పేరు ఎక్కడా ఎత్తవద్దు.

ఇడిల్ వర్సమె


బూలో-రహ్మా

వర్సమె కూతురికి,

రేపు పుట్టబోయేవాళ్ళ సంగతి రేపటి ముసలమ్మలు చూసుకుంటారు. నాకున్న మౌలిద్ ఒక్కడు. వాడు లోపల ఉన్నాడు.

ఆడవాళ్ళ కుర్చీ అన్నావు. దాని మీద వేలిముద్రలు వేసేది ఎవరు. గడ్డానికి గోరింట పెట్టుకున్న ముసలాళ్ళు. వాళ్ళను అడిగి నోరు తెచ్చుకున్న ఆడది ఎవరి కోసం తెరుస్తుంది. మా వాడలో పందొమ్మిది మంది ఆడవాళ్ళు రుఖియా దగ్గర అక్షరాలు నేర్చుకుంటున్నారు. వాళ్ళలో ఏ ఒక్కదాన్నీ ఆ కుర్చీ సంగతి ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. ఖదీజో అంటోంది, ‘ఇడిల్‌కు కుర్చీ వస్తే మనకేమొస్తుంది, తుడిచే పని.’

రుఖియా ఇక్కడ కలం ఆపింది. ‘అత్తా, ఆ పిల్ల కూడా ఒంటరిగానే పోరాడుతోంది, మరీ ఇంత కటువుగా వద్దు’ అంటోంది. నిజమే, ఒంటరిదే. నేను గుంపులో ఉన్నానా. రాయమన్నాను.

చిరుగుకు గుడ్డముక్క వేసినట్టు మాటకు మాట అతికించకు. వస్తావా రావా. రాను అంటే రాను అని రాయి. అప్పుడు నీ మీద ఆశ చంపుకుని వేరే దారి చూసుకుంటాను. ఆశ పెట్టి చంపేది మెత్తని పీట వేసి పీక కోసినట్టు.

ఖాజీ వచ్చే సోమవారం తీర్పు చెబుతాడట.

మకాయ్ వేలిముద్ర.


రేవు పట్నం

గౌరవనీయులైన మకాయ్ గారికి,

మీకు ఈ ఉత్తరం అందేసరికి మౌలిద్ మీ దగ్గర ఉంటాడు. నేను వచ్చాను. ఖాజీ ముందు నిలబడి ఖురాన్ మీద చెయ్యి వేసి సాక్ష్యం చెప్పాను. సగల్ మీ పాలు తాగలేదని తేలింది. ఆ నలుగురు ఆడవాళ్ళ మాటను ఖాజీ కొట్టేశాడు. పెళ్ళి చెల్లుతుంది. సగల్‌ను భర్తతో పంపమని సలెబాన్‌కు చెప్పారు. వాడు నాతో ఇప్పుడు మాట్లాడటం లేదు.

పెద్దలు మొదట కోప్పడ్డారు. తర్వాత నేను చెప్పిన తీరు చూసి శాంతించారు. స్థానం ఖాయమైంది. నేను ఇటూ నష్టపోలేదు, అటూ మిమ్మల్ని నష్టపోనివ్వలేదు. రాజకీయం అంటే ఇదే, అందరూ ఏదో ఒకటి తీసుకుని ఇంటికి వెళ్ళాలి.

వచ్చే గురువారం పొద్దున పట్నంలో ఆడవాళ్ళ సభ పెడుతున్నాను. నది ఒడ్డు వాడల నుంచి కూడా ఆడవాళ్ళను పిలుస్తున్నాను, ఇది ఇక్కడ ఇంతకుముందు జరగలేదు. నలుపు గురించి, మన ఆడవాళ్ళ శక్తి గురించి మాట్లాడతాను. ముందు వరసలో మీ కోసం కుర్చీ ఉంచమన్నాను. కారు పంపిస్తాను. మీరు వస్తే నాకు చాలా గర్వంగా ఉంటుంది.

ఇడిల్ వర్సమె
శాసనసభ సభ్యురాలు


బూలో-రహ్మా
బుధవారం

ఇడిల్‌కు,

మౌలిద్ వచ్చాడు. చిక్కిపోయాడు. ఫాదుమో వాడి తల కడిగింది. వాడి వెనకే సగల్ వచ్చింది, ఒక సంచితో. మేకలు దాని పైటకొంగు తినేశాయి, నవ్వింది. ఆ రోజు వాడంతా మా ఇంట్లోనే తిన్నారు. నిన్ను కూడా దీవించాను, నలుగురి ముందు, పేరు పెట్టి. అది నీకు తెలియాలి.

తర్వాత సగల్ రొట్టెపిండి కలుపుతూ కలుపుతూ ఆపేసింది. ఏమిటమ్మా అంటే ఏడ్చింది. ఖాజీ దగ్గర అది కూడా ఉంది కదా. నువ్వు చెప్పింది చెప్పినట్టు విన్నది.

నీకు ఎలా తెలుసని ఖాజీ అడిగాడట. నువ్వు ఇలా అన్నావట, ‘మా ఇంటి బిడ్డలు ఎవరూ ఏ కాలంలోనూ మకాయ్ పాలు తాగలేదు. ఆమె వంటింటి మనిషి. అలాంటిది మా వంశంలో జరగదు.’ పెద్దలు తలలూపారట. ఒకాయన అల్లాకు శుక్రియా అన్నాడట.

అందుకా వాళ్ళు శాంతించింది.

మీ అన్న ఒక అబద్ధంతో నా మనవణ్ణి బయటికి తెస్తానన్నాడు. గుమ్మంలోంచి పంపేశాను. నువ్వు ఇంకో అబద్ధంతో తెచ్చి, మంచి పని చేశానని ఉత్తరం రాశావు. వాడికి నేను ఇచ్చినట్టు కావాలి, నీకు ఇవ్వనట్టు కావాలి. ఇచ్చినదాన్ని నేను. నన్ను ఎవరైనా అడిగారా.

మౌలిద్ నన్ను బతిమాలాడు. ‘అమ్మమ్మా, వదిలెయ్యి. ఒక్క మాట పోతే పోయింది, నేనొచ్చాను కదా’ అన్నాడు. వాడి పెదవి ఇంకా మానలేదు. వాడి మాట విని ఊరుకుందామనే అనుకున్నాను. సగల్ ఒప్పుకోలేదు. ‘నా పెళ్ళి నిలబడాలంటే ఈవిడ ఎవరూ కాకుండా పోవాలా. అలా నిలబడిన ఇంట్లో నేను పొయ్యి వెలిగించను’ అంది. భార్యాభర్తలు పోట్లాడుకున్నారు. చివరికి వాడే వచ్చి నా పక్కన కూచుని ‘సరే, పదండి’ అన్నాడు.

ఖాజీ దగ్గరికి పోయాను. ఆయన మంచివాడే, టీ ఇప్పించాడు. ‘మకాయ్, అది నీకు నష్టం లేని అబద్ధం. తీర్పు నీ వైపే ఉంది. ఎందుకు కదుపుతావ్’ అన్నాడు.

నష్టం లేదని నీకెవరు చెప్పారు షేకూ, అన్నాను. ఆయనకు చెప్పిందే నీకూ చెబుతున్నాను ఇడిల్, చంకలో బిడ్డ ఉన్నాడని మొదట రాయించాను కదా, వాడి పేరు అబ్దుల్లె. ఎవరికీ ఎక్కువ చెప్పను. నీకు ఇచ్చాకే వాడికి ఇవ్వాలని మీ నానమ్మ ఆజ్ఞ. నీకు ఆకలి ఎక్కువ. మిగిలింది వాడు తాగేవాడు. ఆ ఏడు తట్టు వచ్చింది, మీ ఇంట్లోకీ వచ్చింది, మా గుడిసెలోకీ వచ్చింది. నువ్వు తేరుకున్నావు. వాడు తేరుకోలేదు. నీ వల్ల అని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. చంటిపిల్లకు ఏం తెలుసు. కాని ఇప్పుడు నువ్వు చంటిపిల్లవు కాదు. నువ్వు తాగలేదంటే వాడు తాగి ఉండాలి. వాడు తాగి ఉంటే బతికుండాలి. ఏడీ వాడు. నువ్వు ఖురాన్ మీద చెయ్యి వేసి తుడిచింది నా పేరు కాదు, నా పేరు మీరు రాసిందెప్పుడు. నా కొడుకు దేనివల్ల పోయాడో అది తుడిచావు.

ఖాజీ తీర్పు రాసిన పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత అన్నాడు, ‘నువ్వు పాలివ్వగా చూసిన ఆడవాళ్ళను నలుగురిని తీసుకురా. ఇడిల్ తాగిందని రాసి ఇవ్వు. ఆమె సాక్ష్యంలో ఆ మాట అబద్ధమని రాస్తాను. కాని అబద్ధం తేలిన సాక్షి మిగతా మాట కూడా పలచనవుతుంది. సలెబాన్ మళ్ళీ కేసు తెస్తే నేను ఆపలేను. ఆలోచించుకో.’

ఆలోచించుకోవడానికి నేను ఒక్కదాన్నే కాదు. మౌలిద్, సగల్ ఇద్దరూ ఉన్నారు. ముగ్గురం ఒప్పుకున్నాం. కేసు వస్తే రానీ. ఈసారి పెద్దింటి మనిషి వచ్చి కాపాడాలని చూడం. సగల్ తానే నిలబడి, ఒంటె పాల సంగతి నీ నోటితో తనకు ఎన్నిసార్లు చెప్పావో చెబుతుందట. రుఖియా దగ్గర చదివే ఆడవాళ్ళందరూ వస్తామన్నారు. నిలబడటానికి చోటు చాలకపోతే బయట ఎండలో కూచుంటారు, వాళ్ళకు అలవాటే.

నీ కారు పంపకు. నువ్వు సభ పెట్టే పొద్దునే మేము ఖాజీ దగ్గర ఉంటాం. నీ సభలో ముందు వరస ఖాళీగా ఉంటుంది. ఎవరైనా అడిగితే, ఆ నల్లముసలిది ఎక్కడికి పోయిందంటే, ఏం చెబుతావో నీ ఇష్టం. నువ్వు బాగా మాట్లాడతావు.

ఈ కాగితం ఖాజీకి ఇచ్చే ముందు నీకు పంపుతున్నాను. వెనకనుంచి పొడిచానని అనిపించుకోను. ఇంకా సమయం ఉంది. వస్తే నా పక్కన చోటుంది, కిందే, చాప మీద. రాకపోతే, ఈ మాట విను. తల్లి పెట్టే శాపానికి భయపడటంలో మీరూ మేమూ ఒకటే. నేను నిన్ను శపించడం లేదు. తాగలేదని ప్రమాణం చేశావు కదా, తాగనిదాన్ని నా శాపం అంటదు. నా దీవెన కూడా అంటదు. మొన్న నలుగురి ముందు ఇచ్చింది, అదే నలుగురి ముందు తిరిగి తీసుకుంటున్నాను.

నేను చెప్పగా రుఖియా రాసింది. నాకు మొదటినుంచి చదివి వినిపించింది. ఒక్క మాట కూడా మార్చనివ్వలేదు.

మకాయ్, ముయా కూతురు, జుమాలె మనవరాలు. అబ్దుల్లె తల్లి. ఎడమచేతి బొటనవేలి ముద్ర.

నేను ఇడిల్‌కు పాలివ్వగా చూసినవాళ్ళు:
ఖదీజో మ్కోమా, వర్సమె ఇంట బట్టలు ఉతికినది. వేలిముద్ర.
జైనబో షేగో, ఆ ఇంటికి కట్టెలు మోసినది. వేలిముద్ర.
హవా ముగంగా, అబ్దుల్లెకు స్నానం చేయించి గుడ్డ చుట్టినది. వేలిముద్ర.
మర్యమో ముయా, నా చెల్లెలు. సంతకం, తానే రాసినది.

మకాయ్ వేలిముద్ర వేయగా చూసినది:
సగల్ వర్సమె, మకాయ్ పాలు తాగనిది, మకాయ్ ఇంటి కోడలు.